రైలు కట్ట మీద పగటి కావలి

మాకు పట్టాల కావలి పడింది నలభై రెండో సంవత్సరంలో, వానలు ముగింపుకొచ్చిన కాలంలో. పెద్ద నాయకులందరినీ ఒక్కసారిగా జైళ్లలో పెట్టారనీ, ఆ కోపంతో జనం ఎక్కడెక్కడో తంతి తీగలు తెంపుతున్నారనీ, రైలు పట్టాలు ఊడబెరుకుతున్నారనీ కుప్పం సంతలో చెప్పుకునేవాళ్లు. మేమవన్నీ విని, ఉప్పు కిరసనాయిలు దొరికితే కొనుక్కుని, ఇంటికి వచ్చేసేవాళ్లం.

మా అత్తవారి ఊరు కుప్పం స్టేషనుకు పడమటి దిక్కున, రైలు కట్టను ఆనుకుని ఉండేది. బండి వస్తుంటే మాటలు ఆపి, అది దాటిపోయాక ఆపిన చోటి నుంచే మళ్లీ అందుకోవడం ఆ ఊరివాళ్లకు పుట్టుకతో వచ్చిన అలవాటు. నేను పుంగనూరు నుంచి కోడలిగా వచ్చినదాన్ని. మొదట్లో బండి మీదికే వస్తున్నట్టు ఉలిక్కిపడేదాన్ని. తరవాత అది కూడా ఊరి చప్పుళ్లలో కలిసిపోయింది.

అలా ఉండగా, మాకు పైనున్న ఒక స్టేషను దగ్గర ఎవరో పట్టాల జాయింటు దగ్గర బోల్టులు విప్పేశారు. గూడ్సు బండి చక్రాలు దిగబడ్డాయి. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ తరవాత కొద్దిరోజులకే తలారి వచ్చి దండోరా వేశాడు. కట్ట పక్కనున్న ప్రతి ఊరూ తన పొలిమేరలో పట్టాలకు రాత్రీ పగలూ కావలి కాయాలి. ఇంటికొక మనిషి, వంతుల ప్రకారం. ఏ ఊరి పొలిమేరలో పట్టాకు చెయ్యి పడితే ఆ ఊరంతా జుర్మానా కట్టాలి. మా మామ ఆ మాట విని, "దొంగ యాడనుంచో వస్తాడు, కట్టేది మనం" అని, దగ్గు వచ్చి ఆగిపోయాడు.

మా ఇంట్లో మగవాళ్లు ఇద్దరు. నా భర్త కోలారు గనుల్లో పనిచేసేవాడు. యుద్ధం కాలం కాబట్టి సెలవు దొరికితే ఒక పూటకు వచ్చి పోయేవాడు. మా మామకు ఉబ్బసం. మొదటి వంతుకు ఆయనే కర్ర పట్టుకుని పోయాడు. సాయంత్రం వచ్చి గోడకు జారగిలబడి, ఊపిరి అందక, నీళ్లు తాగడానికి కూడా చెయ్యి ఎత్తలేకపోయాడు. రెండో వంతుకు ఆయన లేచేలోగా ఆ కర్ర నేను తీసుకుని పోయాను.

కట్ట మీద ఆ రోజు ట్రాలీలో హెడ్డు కానిస్టేబులు వచ్చాడు. నలుగురు కూలీలు తోస్తే పట్టాల మీద దొర్లే చెక్క బల్ల అది. వయసు మళ్లినవాడు, కాళ్లకు నీరు పట్టి బూట్ల తాళ్లు కట్టకుండా వదిలేసి ఉన్నాడు. నన్ను చూసి ట్రాలీ ఆపించి, ఇంట్లో మగవాళ్లు లేరా అని అడిగాడు. ఉన్నారు, ఒకాయన గనిలో, ఒకాయన మంచంలో అని చెప్పాను. కాసేపు ఎండకేసి చూసి, పగలైతే సరే గానీ రాత్రి మాత్రం ఆడవాళ్లు వద్దన్నాడు. అందుకని ఊరివాళ్లు ఒక ఏర్పాటు చేసుకున్నారు. మా ఇంటి రాత్రి వంతులు వేరేవాళ్లు కాస్తారు, దానికి బదులు వాళ్ల పగటి వంతులు నేను కాయాలి. దాంతో మిగతావాళ్లకు ఎప్పుడో ఒకసారి వచ్చే కావలి నాకు రోజూ పని అయిపోయింది.

పని అంటే ఏమీ లేదు, అదే దానితో వచ్చిన కష్టం. కట్ట కింద నీళ్లు పోయే మోరీ దగ్గర నుంచి రైలు గేటు దాకా నడవాలి, మళ్లీ వెనక్కి రావాలి. జాయింట్ల దగ్గర వంగి చూడాలి. బండి వచ్చేటప్పుడు కట్ట దిగి నిలబడి కర్ర పైకెత్తి చూపించాలి, కావలి ఉంది అని గార్డుకు తెలియడానికి. ఆ కంకర రాళ్ల మీద నడిచి నడిచి నా అరికాళ్లు పగిలిపోయాయి. నీడ లేదు. కట్ట పక్కన తంగేడు పొదలు తప్ప చెట్టన్నది ఉండనిచ్చేవాళ్లు కాదు, ఎవరైనా దాక్కుంటారని కానుగ చెట్లు కూడా కొట్టించేశారు. మా చేను అక్కడి నుంచి కనబడేది. చెనక్కాయ తీత సమయం. చేలో మా మామ ఒక్కడే కూర్చుని, నాలుగు మొక్కలు పీకి, ఊపిరి తీసుకుని, మళ్లీ నాలుగు పీకుతుంటే, నేను ఎవరిదో ఇనుముకు కాపలా ఉండేదాన్ని.

నాకు జోడీ కళాయి సాయిబు తాత. ఊరి పాత్రలకు కళాయి పూసేవాడు. యుద్ధం వల్ల తగరం రావడం ఆగిపోయి ఆయనకు పని లేకుండా పోయింది. కొలిమి తిత్తికి ఎలుకలు బొక్కలు పెట్టాయి. ఆయన మోరీ వైపు, నేను గేటు వైపు. మధ్యలో కలిసినప్పుడు రెండు మాటలు మాట్లాడుకుని మళ్లీ విడిపోయేవాళ్లం. బండ్లు పోతుండేవి. మిలిటరీ స్పెషల్లో తెల్ల సోల్జర్లు చొక్కాలు లేకుండా తలుపుల్లో కూర్చుని వెళ్లేవాళ్లు. మద్రాసు వైపు నుంచి వచ్చే ప్యాసింజరులో గనులకు పోయే కూలీలు మెట్ల మీద కూడా వేలాడేవాళ్లు. వాళ్లలో నా భర్తలాంటి వాళ్లు ఎంతమందో. అందరి మొహాలూ బొగ్గు పట్టి ఒకేలాగ ఉండేవి.

మా తమ్ముడు వచ్చింది అలాంటి ఒక మధ్యాహ్నం.

నాకు ఒక్కడే తమ్ముడు. మా నాయన చిన్నప్పుడే పోతే, మా అమ్మ పుంగనూరులో బొరుగుల బట్టీ పెట్టుకుని మమ్మల్ని పెంచింది. వేడి ఇసకలో బియ్యం వేయించి వేయించి ఆమె చేతి వేళ్ల కొసలకు స్పర్శ పోయింది. ఆ బొరుగుల మీదే వాణ్ని మదనపల్లె కాలేజీ దాకా చదివించింది. కాలేజీ వాకిట్లో పిల్లలంతా గొడవ చేసినప్పుడు వీడు కూడా ముందున్నాడనీ, తరవాత కాలేజీకి పోవడం మానేశాడనీ నాకు తెలుసు. ఎక్కడ ఉంటున్నాడో, ఏం తింటున్నాడో మా అమ్మకే సరిగ్గా తెలియదు. ఎప్పుడో ఒకసారి ఇంటికి వచ్చి, తిని, పోయేవాడట.

వాడు కట్ట కింద పొలం గట్టు మీద నుంచి వస్తుంటే మొదట నేను పోల్చుకోలేదు. బాగా నల్లబడ్డాడు. గడ్డం. భుజాన బొరుగుల గోతం. దగ్గరికి వచ్చి, "అమ్మ పంపించింది" అని దాన్ని కింద పెట్టాడు. పెట్టినప్పుడు గోతం అడుగున రాతి మీద ఇనుము తగిలినట్టు ఖణేల్‌మంది. బొరుగులకు అంత చప్పుడు ఉండదు.

ఏమిటది అని నేను అడగలేదు. వాడే చెప్పాడు. గోతం మీద చెయ్యి వేసి, "స్పానరు అక్కా" అన్నాడు.

నేను చుట్టూ చూశాను. సాయిబు తాత మోరీ వైపు చిన్నగా కనిపిస్తున్నాడు. ట్రాలీ అప్పటికే వచ్చి పోయింది.

వాడు చెప్పిందంతా చాలా మామూలుగా, పెళ్లి మాటలు చెప్పినట్టు చెప్పాడు. పొద్దుగూకే వేళకు ఇంకో ఇద్దరు స్నేహితులు మోరీ దగ్గరికి వస్తారు. పగటి కావలి వాళ్లు ఇంటికి పోయాక, రాత్రి కావలి వాళ్లు తిని కట్ట మీదికి వచ్చేదాకా కొంచెం సందు ఉంటుందని వాళ్లు కనిపెట్టారు. ఆ సందులో పని అయిపోతుంది. తరవాత వచ్చేది సామాన్ల బండి. నేను చేయవలసింది ఒక్కటే. సాయిబు తాతను తీసుకుని కొంచెం ముందుగా ఇంటికి పోవడం.

"బండి తోలేవాడు మనిసి కాదా?" అన్నాను.

"నిదానంగా వస్తాది. ముందే ఎర్రగుడ్డ కట్టి పెడతాం. ఎవురికీ ఏమీ కాదు. సామాను పోకుండా నిలబడిపోవాల, అంతే."

"ఎర్రగుడ్డ వానికి కనబడకపోతే?"

వాడు గోతం మూతి తాడు బిగించాడు.

"సామాన్ల బండి ఎనక్కి పడి, ప్యాసింజరు ముందొస్తే? రోజుకొక తీరుగా వస్తాండాయి బండ్లు. ఈడ నిలబడేదాన్ని, నాకు తెలుసు."

"అక్కా, నువ్వు ఎవురికి కావలుండావు?" అన్నాడు. గొంతు పెంచలేదు. "మనోళ్లను జైల్లో పెట్టినోళ్లకు."

వాడు చెప్పింది నిజమే. నేను కావలి ఉన్నది వాళ్లకే. కానీ ఆ పట్టాల మీద పోయేది వాళ్లొక్కరే కాదు. పైగా, పట్టా ఊడితే రేపు పోలీసులు వచ్చేది మా ఊరి మీదికి. మా మామను ఆ ఉబ్బసంతో లారీ ఎక్కిస్తారు. ఇవన్నీ చెప్పడానికి కూడా నాకు ఓపిక లేకపోయింది. పొద్దున్నుంచి ఎండలో ఉన్నాను. వాడి కళ్ల కింద నలుపు చూశాను. "కూడు తిన్యావా?" అని అడిగాను.

తినలేదట. నిన్న కూడా రెండు పిడికిళ్ల బొరుగులేనట. ముందురోజు రాత్రంతా నడుస్తూనే ఉన్నాడట, అంతకు ముందు రాత్రి కూడా. నేను తెచ్చుకున్న రాగి సంగటి ముద్ద, నంజుకోవడానికి చెనిగ్గింజల ఊరిమిండి వాడి ముందు పెట్టాను. సగం తిని, నాకు ఉంచాలనుకున్నట్టు ఆగాడు. తినమన్నాను. నీళ్లు తాగి, కట్ట వాలులో తంగేడు పొద నీడన పక్కకు ఒరిగాడు.

"పొద్దు వాలేటప్పుడు లేపక్కా. మర్సిపోవద్దు" అన్నాడు.

ఆ మాట పూర్తయ్యేసరికే నిద్రపోయాడు. అంత త్వరగా మనిషి నిద్రపోవడం నేను అంతకు ముందు చూడలేదు. నోరు తెరుచుకుంది. ఈగలు వాలుతున్నా కదల్లేదు. నా కొంగుతో కాసేపు విసిరాను.

తరవాత లేచి నా నడక నేను నడిచాను. మధ్యలో సాయిబు తాత ఎదురయ్యాడు. పొద కింద పడుకున్న మనిషిని ఆయన దూరం నుంచే చూశాడు. నా తమ్ముడని చెప్పాను. ఆయన దగ్గరికి వచ్చి వాడి పాదాలు చూశాడు. చెప్పులు లేవు, మడమలు చీలి రక్తం ఎండిపోయి ఉంది. గోతాన్ని కూడా చూశాడు. "శానా అలిసిపోయి ఉండాడు. పండనీ బేటీ" అని తన వైపు పోయాడు.

పొద్దు వాలింది. నేను లేపలేదు.

లేపకూడదని గట్టిగా అనుకుని ఆగిపోయానని చెబితే అది అబద్ధం. వంగి భుజం మీద చెయ్యి వెయ్యబోయాను కూడా. వాడి ముఖం మా ఇంట్లో బట్టీ పక్కన గోనె పట్టా మీద పడుకునేటప్పటి ముఖంలా ఉంది. ఇంకొంచెం సేపు పోనీ అనుకున్నాను. ఇంకొంచెం సేపు, ఇంకొంచెం సేపు. ఇంటికి కూడా పోలేదు. సాయిబు తాత వచ్చి, పోదామా అన్నట్టు చూశాడు. రాత్రివాళ్లు వచ్చాక పోదాం తాతా అన్నాను. ఆయన కూడా నా పక్కన కంకర మీద కూర్చున్నాడు. సామాన్ల బండి రాలేదు. ప్యాసింజరే వచ్చింది, ఆలస్యంగా, కిటకిటలాడుతూ. నేను కర్ర ఎత్తి నిలబడ్డాను. ఆ చప్పుడుకు కూడా వాడు లేవలేదు. లాంతర్లు పట్టుకుని రాత్రి కావలివాళ్లు మాట్లాడుకుంటూ కట్ట ఎక్కేటప్పుడు, ఆ మాటలకు లేచాడు.

లేచి, ఆకాశం చూశాడు. లాంతర్లు చూశాడు. నన్ను చూశాడు. నన్ను తిడతాడనుకున్నాను. గోతం ఎత్తి భుజాన వేసుకుని, నా వెనక నడిచాడు.

ఆ రాత్రి మా మామ వాడితో చెనక్కాయ దిగుబడి గురించీ, మా అమ్మ ఆరోగ్యం గురించీ మాట్లాడాడు. వాడు బదులు చెప్పాడు. నాతో మాత్రం మాట్లాడలేదు. తెల్లవారి మా మామ ఆ గోతంలోని బొరుగులు కడవలో పోయించుకుని, ఉత్త గోతం పంపకూడదని దాన్నిండా పచ్చి చెనక్కాయలు పోశాడు. రాత్రే పైకి తీసి గుడ్డలో చుట్టి పెట్టుకున్న స్పానరును, కాయలు పోసేలోగా వాడు మళ్లీ అడుగున పెట్టుకున్నాడు. అది వదిలెయ్యరా అని చెబుదామని వాకిటి దాకా వెళ్లాను. మామ పక్కనే ఉన్నాడు. చెప్పలేకపోయాను.

యుద్ధం రోజుల్లో బస్సులు బొగ్గుతో నడిచేవి. వెనక డబ్బాలో బొగ్గు మండించి, ఆ పొగతో బండి తోలేవాళ్లు. అలాంటి బస్సు ఎక్కి వాడు పలమనేరు దాకా పోయాడు. ఊరి మొదట్లో పోలీసులు బస్సు ఆపి సామాన్లు సోదా చేస్తున్నారు. రైళ్ల మీదా బస్సుల మీదా ఎవరు ఏం తీసుకుపోతున్నారో చూడటం అప్పటికి మామూలైపోయింది. పెళ్లివారి పెట్టెలు కూడా విప్పించేవాళ్లు. ఒక కానిస్టేబులు చెనక్కాయల్లోకి మోచేయి దాకా చెయ్యి పెట్టాడు.

మా ఇంటికి ఇనస్పెక్టరు, హెడ్డు ఇద్దరూ వచ్చారు. నీ తమ్ముడు వచ్చాడా అని అడిగారు. వచ్చాడు, తిన్నాడు, నిద్రపోయాడు, పోయాడు అని చెప్పాను. స్పానరు చూశావా అన్నారు. కంటితో నేను దాన్ని చూడలేదు, అదే చెప్పాను. సాయిబు తాతను అడిగితే, నా కళ్లకు పొర కమ్మింది సామీ, మనిషి అడ్డం పండుకున్నా రాయనుకుంటాను అన్నాడట. ఇనస్పెక్టరు మునసబుతో మాట్లాడటానికి పోయినప్పుడు హెడ్డు మా అరుగు మీద కూర్చుని మజ్జిగ అడిగాడు. తాగి, చెంబు కింద పెట్టి, "నీ కావలిలో పట్టాకు ఏమీ కాలేదు. నాకు అది సాలమ్మా" అన్నాడు. ఆయన లేవడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది.

తరవాతి రోజులు ఎలా గడిచాయో నాకు ఇప్పటికీ ఒక ముద్దలాగే గుర్తు. ఊళ్లో సగంమంది నేను తమ్ముణ్ని దాచి ఊరి మీదికి ఉపద్రవం తెచ్చానన్నారు. మిగతా సగం సొంత తమ్ముణ్ని పోలీసులకు పట్టించానన్నారు. బావి దగ్గర ఈ రెండు రకాలవాళ్లూ పక్కపక్కనే నిలబడి నీళ్లు తోడుకునేవాళ్లు. నేను వెళితే అందరూ ఒకేసారి మాటలు ఆపేవాళ్లు. నా భర్త సెలవు మీద వచ్చి అంతా విని, తల పట్టుకుని కూర్చున్నాడు. గనిలో కూడా ఇదే మాట పాకింది, ఫోర్‌మన్ పిలిచి అడిగాడట. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. సాయంత్రం బండికి పోయాడు.

పుంగనూరులో మా అమ్మ బట్టీని పోలీసులు తలకిందులు చేశారు. బొరుగులన్నీ వీధిలో పోశారు. ఆ సంగతి విని నేను పోయాను. ఆమె బట్టీ ముందు కూర్చుని ఇసక కలుపుతూ ఉంది. తల ఎత్తలేదు. అమ్మా అని పిలిచాను. ఇసక కలుపుతూనే ఉంది. మధ్యాహ్నం దాకా గడప బయట కూర్చుని, బస్సు వేళకు లేచి వచ్చేశాను. ఆ తరవాత ఎవరితోనో చెప్పి పంపింది, తనకు కూతురు లేదనుకుంటానని.

కావలి మాత్రం ఆగలేదు. తెల్లవారితే కర్ర, కంకర, ఎండ. నా పక్కన నడిచే సాయిబు తాత మరుసటి ఏడు మంచంపట్టి పోయాడు. ఆయన స్థానంలో వచ్చినవాళ్లు నాతో మాట్లాడేవాళ్లు కాదు. చివరికి ఆ కావలి ఎప్పుడు ఎత్తేశారో కూడా మాకు సరిగా చెప్పినవాళ్లు లేరు. ట్రాలీ రావడం తగ్గింది. తరవాత మానేసింది. మేం మాత్రం ఇంకా కొన్నాళ్లు పోతూనే ఉన్నాం. ఒకరోజు మునసబు కట్ట మీద నన్ను చూసి, ఇంకా యాల వస్తాండావు, అది ఎప్పుడో అయిపోయింది కదా అన్నాడు. కర్ర అక్కడే గేటువాడికి ఇచ్చి ఇంటికి వచ్చి పడుకున్నాను. రెండు రోజులు లేవలేదు. జ్వరం కూడా కాదు, ఊరికే.

తమ్ముడు జైలు నుంచి వచ్చేటప్పటికి దగ్గులో రక్తం పడుతోంది. వాణ్ని మదనపల్లె దగ్గరి క్షయ ఆసుపత్రిలో చేర్చారని నాకు వేరేవాళ్ల ద్వారా తెలిసింది. కుప్పం నుంచి బస్సెక్కి, పలమనేరులో ఇంకో బస్సు మారాను. అది పుంగనూరులో ఆగినప్పుడు గంప పట్టుకుని మా అమ్మ ఎక్కింది. బస్సులో ఖాళీ నా పక్కన ఒక్కటే ఉంది. ఆమె ఒక్క క్షణం నిలబడి, కూర్చుంది. మా ఇద్దరి మధ్య ఆ గంప.

ఎత్తు రాగానే బస్సు ఎక్కలేకపోయింది. బొగ్గు బస్సులకు అది మామూలే. జనమంతా దిగి వెనకాల నడిచాం. మా అమ్మ బాగా చిక్కిపోయింది. పొగకు దగ్గుతూ నడుస్తోంది. ఒకచోట కాలు తడబడింది. నేను గంప అందుకున్నాను. ఆమె చెయ్యి వదిలేసింది.

మదనపల్లె మొదట్లో మళ్లీ సోదా. పడుచు కానిస్టేబులు గంప మీద గుడ్డ తీశాడు. గుడ్లు, అరటిపళ్లు, ఒక సీసాలో నెయ్యి. పైపైన చూసి మూసెయ్యబోతుంటే మా అమ్మ వాడి చెయ్యి పట్టుకుంది.

"అడుగు దాకా సూడు నాయినా" అంది. "ఒకసారి నేనే సూడకుండా కట్టిచ్చినా. బరువు తెలిసినా అడగలేదు."

ఆ కానిస్టేబులుకు ఏమీ అర్థం కాలేదు. పొమ్మన్నాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాను. ఇన్నాళ్లూ ఆమె నా మీద మోపిందనుకున్న బరువులో సగం తన నెత్తినే పెట్టుకుందని అప్పుడు తెలిసింది.

ఆసుపత్రిలో పొడుగాటి వరండా, వరసగా మంచాలు. రోగులు రోజంతా కదలకుండా గాలిలో పడుకోవాలి, అదే వైద్యం. తమ్ముడు తెల్ల దుప్పటి కింద పలకలాగ పడుకుని ఉన్నాడు. మమ్మల్నిద్దరినీ కలిపి చూసి ఆశ్చర్యపోయాడు. దూరంగా బల్ల మీద కూర్చోమన్నారు, కూర్చున్నాం. తిండి గురించీ నర్సుల గురించీ అడిగాం. అప్పుడు వాడు నా వైపు తిరిగి, చాలా నెమ్మదిగా అడిగాడు.

"యాల లేపలేదక్కా ఆ పొద్దు?"

"నిద్రపోతాండావు."

"లేపమని సెప్పినా కదా."

"సెప్పినావు. లేప బుద్ధి కాలేదు."

వాడు కప్పు వైపు తిరిగి చెప్పాడు. ఆ ఇద్దరు స్నేహితులు మోరీ కింద చీకటి పడేదాకా కూర్చుని వెళ్లిపోయారట. జైల్లో వాళ్లలో ఒకడు కలిసినా వీడితో కలిసి అన్నం తినలేదట, వీడు భయపడి రాలేదని. "నిద్రపోయినా అని ఎట్లా సెప్పేది" అన్నాడు. నవ్వబోయి దగ్గు వచ్చి ఆగిపోయాడు. నర్సు వచ్చి మాట్లాడవద్దంది.

మా అమ్మ మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాక అడిగింది.

"నిద్రపోయినాడా వాడు?"

"అవునమ్మా."

"అయితే నువ్వు పోలీసోళ్లకు సెప్పలేదా?"

"లేదు."

ఆమె పమిట చెంగుతో మొహం తుడుచుకుంది, ఎండకు పట్టిన చెమట తుడుచుకున్నట్టు. నాకు ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. రెండేళ్లకు పైగా ఎదురుచూసిన ప్రశ్న అది. వచ్చేసరికి బదులు చెప్పడానికి కూడా ఓపిక కూడగట్టుకోవలసి వచ్చింది. ఇద్దరం బస్సు కోసం అలాగే కూర్చున్నాం.

తమ్ముడు బతికాడు. పైసంవత్సరం బయటికి వచ్చాడు. ఒక ఊపిరితిత్తి పనికిరాకుండా పోయింది, బరువు ఎత్తే పని చెయ్యలేకపోయేవాడు. సోమలలో చిన్న బడి పెట్టుకుని పిల్లలకు చదువు చెప్పాడు. స్వరాజ్యం వచ్చిన రోజు ఊళ్లో ఊరేగింపుకు పిలిస్తే, ఆయాసం వస్తుందని పోలేదు. మేమిద్దరం ఆ పొద్దు మాట మళ్లీ ఎత్తుకోలేదు. ఎత్తుకుంటే ఎవరు తప్పో తేలాలి. తేల్చుకునే శక్తి ఇద్దరికీ లేదు.

ఆసుపత్రిలో వాణ్ని చూసి వచ్చిన ఆ రోజు, తిరుగు ప్రయాణంలో బస్సు పుంగనూరులో ఆగింది. నేను పలమనేరు దాకా పోవాలి. మా అమ్మ ఖాళీ గంప పట్టుకుని దిగి, కిందనే నిలబడి, కిటికీ వైపు చూసింది.

"దిగు. రేపు పోదువులే" అంది.

కండక్టరు ఈల వేస్తున్నాడు. నేను దిగాను. ఇంటికి పోయేసరికి ఇద్దరికీ వండుకునే ఓపిక లేదు. బొరుగుల్లో మజ్జిగ పోసుకుని, ఉల్లిపాయ నంజుకుని తిన్నాం. ఆమె చాప పరిచింది. మా అత్తింట్లో చెనక్కాయ ఈసారి ఎట్లా అయిందని అడిగింది. వాన చాలలేదని చెప్పాను.